ఆరు దాటని ముల్లు

ఆగస్టు 6, 2002. మంగళవారం. నంద్యాల, సాయంత్రం

మళ్లీ అదే. దిగువమెట్ట దాటి ఘాట్ మొదలయిందో లేదో లారీ సత్తువ పోయింది. రెండొందల ఇరవై టిక్కీల మిర్చి వెనక, పది టన్నుల బస్తాలు. మూడో గేరు నుంచి రెండు, రెండు నుంచి ఒకటి. మనిషి నడిచినంత వేగం కూడా లేదు. వెనక ఆర్టీసీ బస్సు డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. సందు దొరగ్గానే పక్కకొచ్చి, భయమైతే ఇంట్లో కూర్చోవయ్యా అని వెళ్లిపోయాడు. బస్సులో వాళ్లంతా కిటికీల్లోంచి నన్ను చూశారు.

పొగ లేదు. ఇంజను వేడెక్కలేదు. తేడా చప్పుడేమీ లేదు. యాక్సిలరేటర్ కిందికంటా తొక్కే ఉంచాను.

ఉంచాననే అనుకుంటున్నాను.

ఆగస్టు 10, శనివారం. గుంటూరు

బళ్లారిలో సరుకు దించి నిన్న వచ్చాను. ఇవాళ లక్ష్మీకాంత్ గారు పిలిపించారు. ఆయనకి మూడు లారీలు. నేను తోలేది మూడేళ్ల కిందట కొన్న టర్బో బండి. పద్నాలుగేళ్లుగా వాళ్ల దగ్గరే ఉన్నాను, ముందు వాళ్ల నాన్నగారి దగ్గర, ఇప్పుడు ఈయన దగ్గర. నాకంటే ఆరేళ్లు చిన్న. ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. ఇవాళ కూడా మాట్లాడలేదు. అదే కష్టంగా ఉంది.

మే నెల నుంచి నేను చెబుతూనే ఉన్నాను, బండి ఘాట్ ఎక్కడం లేదని. ఆయనా చేయించాల్సినవన్నీ చేయించారు. ఎయిర్ ఫిల్టర్ కొత్తది. నాజిల్స్ చూశారు. డీజిల్ పంపు దించి బెంచి మీద పెట్టి చూశారు. క్లచ్ బాగుంది, బ్రేకులు చక్రాలకి రాసుకోవడం లేదు. మొన్న జూలైలో ఆయనే ఖాళీ బండి నరసరావుపేట దాకా తోలి చూశారు. ఎనభైలో వెళ్లిందట, గుర్రంలా.

ఇవాళ అన్నారు: "యలమంద పోయిన దగ్గర్నుంచీ నువ్వు నువ్వుగా లేవు జయరావూ. కొన్నాళ్లు మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీకి లోకల్ తోలుకో. తప్పేం లేదు."

నేను కుర్చీ వెనక నిలబడి గోడ మీది క్యాలెండర్ చూశాను.

యలమంద ఆయన రెండో లారీ డ్రైవరు. ఫిబ్రవరిలో తెల్లవారుజామున, మంచులో, ఇద్దరం ముందూ వెనకా ఘాట్ ఎక్కుతున్నాం. ఎదురొచ్చే బండికి దారివ్వబోయి వాడి లారీ అంచు జారింది. లోయలోకి వెళ్లిపోయింది. నేను దిగి వాడి దగ్గరికి వెళ్లాను. ఇంతకంటే రాయలేను.

ఆగస్టు 11, ఆదివారం

స్నానం చేస్తూ నా కుడికాలు చాలాసేపు చూసుకున్నాను. అది నా మాట వింటోందా అని.

ఆగస్టు 12, సోమవారం

పంపు చూసిన షాపు ముసలాయన ఒక మాట చెప్పాడు. ఆటోనగర్ వెనక వరసలో హయాత్ భాయ్ అని ఉన్నాడు, టర్బో సంగతి ఆయనకి తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలియదు, కానీ నెమ్మది మనిషి, నీకు ఓపికుంటే వెళ్లు అని.

వెళ్లాను. అరవై దాటిన మనిషి. సన్నగా, తెల్లచొక్కాతో. ఆ చొక్కా మీద గ్రీజు మరక ఒక్కటి లేదు. శ్రీశైలం డ్యామ్ కట్టేటప్పుడు అక్కడి డోజర్లు బాగుచేసేవాడట. షెడ్డు చిన్నది. పనిముట్లు చాప మీద వరసగా, పిల్లల్ని పడుకోబెట్టినట్టు.

బానెట్ ఎత్తలేదు. టీ తెప్పించి, కూర్చోమని, చెప్పు అన్నాడు.

చెప్పాను. మూడు నెలల్లో ఎవరూ అడగనివన్నీ ఆయన అడిగాడు. ఏ గేర్లో తగ్గుతుంది, ఒక్కసారిగానా, మెల్లగానా. వాన రోజు తేడా ఉందా. ఖాళీ బండితో ఎప్పుడైనా తెలిసిందా. చివరికి, లోడు లాగేటప్పుడు ముందు ఈల వినపడేదా, ఇప్పుడు వినపడుతోందా అని అడిగాడు.

ఆ ఈల నాకు తెలుసు. కొత్తలో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజనులోంచి సన్నగా, దూరంగా పిల్లంగ్రోవి ఊదినట్టు వినపడేది. అది పోయిందన్న సంగతి ఆయన అడిగేదాకా నాకు తట్టలేదు. ఒక చప్పుడు వస్తే పట్టుకుంటాం. పోయిన చప్పుణ్ణి ఎట్లా పట్టుకుంటాం.

వినపడటం లేదన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "సరే. నువ్వు చెప్పేది నిజం అనుకునే మొదలుపెడదాం. బండిలో ఏమీ లేదని తేలితే అప్పుడు నీ కాలి సంగతి చూసుకోవచ్చు" అన్నాడు.

నా కాలి సంగతి ఆయనకి నేను చెప్పలేదు. నేనే భయంతో తొక్కడం లేదన్న మాట ఆటోనగర్ అంతా పాకినట్టుంది.

ఆగస్టు 13, మంగళవారం

ఇవాళ చూసింది రాయకపోతే నిద్ర పట్టదు.

హయాత్ భాయ్ ఎయిర్ పైపు విప్పి నన్ను పిలిచాడు. లోపల ఒక చక్రం, టర్బో అంటే అదేనట. అరచేతిలో పట్టేంత. పువ్వురేకుల్లా వంపు తిరిగిన రెక్కలు, అంచులు కాగితమంత పల్చన. వేలితో తిప్పమన్నాడు. చిటికెనవేలు తగిలించాను. తిరిగింది. తిరుగుతూనే ఉంది. చప్పుడు లేదు.

ఘాట్ మీద ఇది నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుందని చెప్పాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇదే ఇరుసుకి అవతలి చివర ఇంకో చక్రం ఉంది. ఇంజను బయటికి తోసేసే పొగ ఆ చక్రాన్ని తిప్పుతుంది. అది తిరిగితే ఇదీ తిరిగి, బయటి గాలిని లాగి కుక్కి కుక్కి ఇంజనులోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండుతుంది, బలం వస్తుంది. అంటే పనికిరాదని పారేసే ఊపిరే మళ్లీ కొత్త ఊపిరి తెస్తోంది. మూడేళ్లు ఈ బండి తోలాను. దీని మీద కూర్చుని అన్నం తిన్నాను, నిద్రపోయాను. నా మోకాలికి రెండడుగుల దూరంలో ఇంత పని జరుగుతోందని ఒక్కరోజూ తెలియదు.

తర్వాత ఆయన ఇరుసు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు. వదులు లేదు. రెక్కలు ఒక్కటీ విరగలేదు. పైపుల అతుకుల మీద సబ్బునీళ్లు పోసి గాలి ఎక్కించాడు. ఒక్క బుడగ రాలేదు. అన్నీ బాగున్నాయి. బాగుండటం కూడా ఇంత భయపెడుతుందని ఎవరికైనా చెబితే నమ్మరు.

పొగ ఎందుకు రాలేదో కూడా చెప్పాడు. గాలి తక్కువయితే నల్లపొగ రావాలి కదా అని అందరూ నన్ను అడిగిందే. ఈ బండి పంపు మీద చిన్న మూత లాంటిది ఉంది. గాలి తగ్గితే అది డీజిల్ కూడా తగ్గించేస్తుంది, పొగ రాకుండా. "మంచిదే చేస్తుంది. కానీ నీకు సాక్ష్యం లేకుండా చేసింది" అన్నాడు.

ఇక ఘాట్ మీదే చూడాలట. ఈ మైదానంలో దీని జబ్బు బయటపడదు. గాలి ఒత్తిడి కొలిచే మీటరు ఒకటి పెట్టి, సన్న రబ్బరు పైపుతో క్యాబిన్‌లోకి లాగుతానన్నాడు. ఫుల్ లోడుతో ఎక్కేటప్పుడు ముల్లు పదహారు, పద్దెనిమిది పౌండ్ల దాకా పోవాలి. పోతే బండి బాగున్నట్టు.

పోతే నేను బాగాలేనట్టు. ఆ మాట ఆయన అనలేదు.

ఆగస్టు 16, శుక్రవారం

సోమవారం బళ్లారి లోడు ఉంది. ఈ ఒక్క ట్రిప్పు నన్నే తోలనిమ్మని లక్ష్మీకాంత్ గారిని అడిగాను. సరే అన్నారు. కానీ ముల్లు చూసేదెవరు అన్నారు. తోలేవాడూ నువ్వే, చూసేవాడూ నువ్వే అయితే ఏం తేలుతుంది అన్నారు. న్యాయమే. హయాత్ భాయ్‌కి మోకాళ్ల నొప్పులు, క్యాబిన్ ఎక్కలేడు.

ఇంటికొచ్చి రెబ్కాకి చెప్పాను. అన్నం పెడుతూ విన్నది. చారు పోస్తూ, నేనొస్తా అంది.

పెళ్లయి పదమూడేళ్లు. ఒక్కసారి కూడా నా లారీ ఎక్కలేదు. యార్డులో మిరపకాయలు ఏరే పని తనది. పది కాయల్లో ఒక తాలుకాయ ఉన్నా, ఎండలో రంగు తేలిపోయింది ఒక్కటున్నా, దాని కన్ను తప్పించుకోదు. పెద్ద పెద్ద వ్యాపారులు కూడా బస్తా విప్పి, రెబ్కమ్మా ఒకసారి చూడు అంటారు.

మళ్లీ వెళ్లి ఆ మాట చెబితే లక్ష్మీకాంత్ గారు, రెబ్కా చూస్తే నేను చూసినట్టే అన్నారు.

ఆగస్టు 19, సోమవారం. గిద్దలూరు, మధ్యాహ్నం 1 గం.

భోజనానికి ఆగాం. వినుకొండ దాటిన దగ్గర్నుంచీ రెబ్కా చేలు చూస్తోంది. వానల్లేక పత్తి మోకాలెత్తు కూడా లేవలేదు. క్యాబిన్ ఇంత ఎత్తుగా ఉంటుందనుకోలేదు అంది. రోడ్డు మీద అందరి నెత్తులూ కనపడుతున్నాయి అంది.

ఇంకో అరగంటలో దిగువమెట్ట.

అదే రోజు. నంద్యాల, సాయంత్రం 6 గం.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఘాట్ మొదలయ్యే ముందు ఆపి, మీటరు రెబ్కా చేతికిచ్చాను. ముల్లు ఎక్కడుంటే ఆ అంకె పైకి చెప్పు, కాగితం మీద రాయి అన్నాను. రోడ్డు తప్ప నేను ఇంకేమీ చూడను అన్నాను.

మొదటి ఎత్తు. మూడో గేరు. తొక్కాను.

"రెండు. మూడు. నాలుగు." కాయలు ఏరేటప్పుడు లెక్కపెట్టే గొంతుతోనే చెబుతోంది. "ఐదు. ఆరు."

నేను ఎదురుచూస్తున్నాను, ఇంకా రావాలి. ఏడు రావాలి.

"ఆరు" అంది. "ఆరు. ఆరే."

రెండో గేరు. ఇంజను అరుస్తోంది. లారీ వెనక్కి లాగుతున్నట్టుంది. ఆరు అంటూనే ఉంది. వెనక హారన్లు మొదలయ్యాయి. చెమట కళ్లలోకి కారుతోంది. ఒక మలుపు, ఇంకో మలుపు. ఆరే.

అప్పుడు అంకె చెప్పడం ఆపేసింది. ఏమైందోనని భయపడ్డాను. తల తిప్పకుండా, ఏమే అన్నాను. మీటరు ఒళ్లో పెట్టుకుని కిందికి వంగి నా కాళ్ల దగ్గర చూస్తోంది. చెయ్యి చాపి నా చెప్పు మీద వేసింది. పెడల్ కింద వేలు పెట్టబోయింది. వేలు పట్టలేదు.

"నేలకి ఆనే ఉంది" అంది. "నీ కాలు నేలకి ఆనే ఉందయ్యా. ఇంక నొక్కటానికి చోటు లేదు."

నాకు రోడ్డు కనపడలేదు. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటూ తోలాను. తను మళ్లీ మీటరు తీసుకుని, ఆరు అంది, రాసింది.

తర్వాత యలమంద లారీ జారిన మలుపు వచ్చింది. దాటాక కాస్త వెడల్పున్న చోట పక్కకి ఆపాను. ఇంజనుకి ఊపిరి ఇద్దామని చెప్పాను. అది నిజం కాదు.

యలమంద సంగతి రెబ్కాకి అప్పుడు చెప్పాను. ఆరు నెలలు చెప్పలేదు. నేను కిందికి దిగేసరికి లారీ పక్కకి ఒరిగి చెట్లకి ఆనుకుని ఉంది. వాడు సీటుకీ స్టీరింగుకీ మధ్య ఇరుక్కుపోయాడు. ఇంజను ఇంకా తిరుగుతోంది. వాడికి స్పృహ ఉంది. నన్ను గుర్తుపట్టాడు. "ఇంజను ఆపరా జయరావూ, చెవులు పోతున్నాయి" అన్నాడు. నేను లోపలికి చెయ్యి పెట్టి స్టాప్ నాబ్ లాగాను. ఒక్కసారి అడవి అంతా నిశ్శబ్దమైంది. పక్షులు వినపడ్డాయి. వాడు హాయిగా ఊపిరి తీసుకున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంకో పది నిమిషాలున్నాడు. ఎవరూ రాలేదు.

రెబ్కా తలమీద కొంగు కప్పుకుంది. ప్రార్థన చేసుకుంటోందని అర్థమైంది. పెదాలు కదలలేదు.

ఘాట్ దిగాక కాగితం చూశాను. రెండు వైపులా ఆరు, ఆరు, ఆరు. ఎక్కడా ఏడు లేదు.

ఆగస్టు 22, గురువారం. గుంటూరు

హయాత్ భాయ్ కాగితం చూసి మొదట అడిగింది, ఈ అంకెలు ఎవరు వేశారని. చెప్పాను. ఇంత శుభ్రమైన కాగితం నాకు ఏ మెకానిక్కూ ఇవ్వలేదు అన్నాడు.

ఆరు దగ్గర నిలబడిపోయిందంటే తలుపు తెరుచుకుంటోంది అన్నాడు. ఏ తలుపు అన్నాను.

టర్బో పక్కన బత్తాయికాయంత రేకుడబ్బా ఉంది. దాంట్లోంచి ఒక కమ్మీ బయటికి వస్తుంది. మూడేళ్లలో నేను గుడ్డతో వంద సార్లు తుడిచి ఉంటాను. దాని పేరు యాక్చుయేటర్. గాలి ఒత్తిడి మరీ ఎక్కువైపోతే ఇంజను పగులుతుంది. అందుకని, ఒత్తిడి హద్దు దాటగానే ఈ డబ్బా కమ్మీని తోస్తుంది. కమ్మీ చిన్న తలుపు తీస్తుంది. కొంత పొగ చక్రాన్ని తాకకుండా పక్కదారిన పోతుంది. ఒత్తిడి తగ్గగానే డబ్బాలోని స్ప్రింగ్ తలుపు మూసేస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. దాని గాలి అదే కొలుచుకుంటుంది, దాని తలుపు అదే తీసుకుంటుంది.

లక్ష్మీకాంత్ గారిని పిలిపించాడు. ఆయన కళ్లెదుటే చూడాలన్నాడు.

మొదట కమ్మీ ఊడదీసి తలుపు చేత్తో ఆడించాడు. తేలిగ్గా ఆడింది, గట్టిగా మూసుకుంది. తలుపు తప్పు లేదు. తర్వాత డబ్బాకున్న రబ్బరు పైపు తీసి, సైకిల్ పంపూ మీటరూ తగిలించాడు. పదహారు దాటేదాకా కమ్మీ కదలకూడదు, గుర్తుపెట్టుకోండి అన్నాడు. మెల్లగా కొట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు దగ్గర కమ్మీ బయటికి జారింది. ఆరుకల్లా పూర్తిగా వచ్చేసింది.

హయాత్ భాయ్ పంపు వదిలి, కమ్మీని రెండు వేళ్లతో లాగండి అని లక్ష్మీకాంత్ గారికి చూపించాడు. ఆయన లాగారు. గాజుల డబ్బా మూతంత సులువుగా వచ్చింది. మంచిదైతే మీ రెండు చేతులకీ రాదు అన్నాడు హయాత్ భాయ్.

లక్ష్మీకాంత్ గారు ఆ కమ్మీని మళ్లీ లాగారు. మళ్లీ వదిలారు. చాలాసార్లు.

ఆగస్టు 24, శనివారం

కొత్త యాక్చుయేటర్ మద్రాసు నుంచి బస్సు పార్సిల్లో రావాలి. మూడు నాలుగు రోజులు.

పాతది విప్పేశాం. హయాత్ భాయ్ దాన్ని రంపంతో కోశాడు. లోపలి రబ్బరు పొర బాగానే ఉంది. స్ప్రింగ్ రెండు ముక్కలు. విరిగిన చోట సగం తుప్పు, సగం మెరుపు. ఎప్పుడో సన్నగా చీలి, మెల్లమెల్లగా తెగి, మే నెలలో ఏదో ఒక ఎత్తు మీద పూర్తిగా వదిలేసి ఉంటుంది అన్నాడు. ఏ ఎత్తో. ఆ రోజు నేనేం ఆలోచిస్తూ ఉన్నానో.

బొటనవేలంత ముక్క. దీని వల్ల పది టన్నులు కొండ ఎక్కలేదు. దీని వల్ల ఒక మనిషి తన కాలిని తనే నమ్మడం మానేశాడు.

లక్ష్మీకాంత్ గారు ముక్కలు అరచేతిలో వేసుకుని, "జయరావూ, నేను..." అని ఆగిపోయారు. పర్లేదండి అన్నాను. పర్లేదనిపించింది కూడా.

ఆగస్టు 26, సోమవారం

పార్సిల్ రాలేదు.

ఆగస్టు 28, బుధవారం

వచ్చింది. నూనె కాగితంలో చుట్టి, బంగారు రంగులో. హయాత్ భాయ్ డబ్బా నా చేతిలో పెట్టి, నువ్వే బిగించు అన్నాడు. నేను డ్రైవర్ని అన్నాను. అందుకే అన్నాడు.

స్టూలు వేసుకుని పక్కన కూర్చున్నాడు. చెయ్యి పెట్టలేదు. మాటతోనే చేయించాడు. బ్రాకెట్‌కి రెండు నట్లు. అవి సులువే. కమ్మీ చివరి కన్నాన్ని తలుపు పిన్నుకి తగిలించి చిన్న క్లిప్పు వెయ్యాలి. ఆ క్లిప్పు వేలి సందులోంచి జారి ఛాసిస్‌లో ఎక్కడో పడింది. గోరంత ఉంటుంది. అయస్కాంతానికి దారం కట్టి అరగంట వెతికాను. హయాత్ భాయ్ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. బీడీ కూడా వెలిగించలేదు. దొరికింది.

అసలు పని కమ్మీ పొడుగు సరిచెయ్యడం. తలుపు పూర్తిగా మూసి పట్టుకుంటే, కమ్మీ కన్నం పిన్నుకి వెంట్రుకవాసి తక్కువగా ఉండాలి. తగిలించాలంటే కమ్మీని కాస్త బలవంతంగా లాగాలి. ఆ బిగువు ఉంటేనే తలుపు గట్టిగా మూసుకుంటుంది. వదులైతే మళ్లీ పాత కథే, మరీ బిగిస్తే ఇంజనుకి ముప్పు. అరచుట్టు తిప్పి చూడటం, విప్పటం, మళ్లీ పావుచుట్టు. ఐదుసార్లు చేయించాడు. ఐదోసారి కన్నం పిన్నులోకి దిగినప్పుడు చిన్న చప్పుడు వచ్చింది. విన్నావా అన్నాడు. విన్నాను. లాక్ నట్ బిగించు అన్నాడు.

పంపు నాకే ఇచ్చాడు. కొట్టాను. నాలుగు. కదల్లేదు. ఆరు. కదల్లేదు. పది. పద్నాలుగు. పదహారు దాటి పదిహేడు దగ్గర కమ్మీ కొంచెం, చాలా కొంచెం బయటికి వచ్చింది. నిద్రలో ఉన్న బిడ్డ కడుపు లేచినట్టు. గాలి వదిలాను. వెనక్కి వెళ్లింది. మళ్లీ కొట్టాను. మళ్లీ పదిహేడుకే.

ఇనుము, ఒక స్ప్రింగు, ఒక రబ్బరు ముక్క. అది ఎక్కడ పట్టు పట్టాలో, ఎక్కడ వదలాలో దానికి తెలుసు. అలా చూస్తూ ఉండిపోయాను.

ఒక్కటే చెప్పాడు. ఘాట్ దిగి ఆపేముందు రెండు నిమిషాలు ఇంజనుని ఊరికే తిరగనివ్వు, ఆ చక్రానికి ఆయిల్ అందుతూ చల్లబడాలి. లక్ష చుట్లు తిరిగిందాన్ని ఒక్కసారిగా ఆపకు.

సెప్టెంబరు 2, సోమవారం. నంద్యాల, సాయంత్రం

లక్ష్మీకాంత్ గారే వచ్చారు ఈసారి, మీటరు పట్టుకుని. రెండొందల ఇరవై టిక్కీలే వేయించారు, ఒక్కటి తగ్గకుండా.

దిగువమెట్ట దాటి తొక్కాను. ఎక్కడో లోతుల్లోంచి మొదలైంది. సన్నగా. ముందు నా ఊహ అనుకున్నాను. పెరిగింది. ఈల. లక్ష్మీకాంత్ గారు ఆరు అన్నారు. తొమ్మిది అన్నారు. పదమూడు అన్నారు. తర్వాత అంకెలు చెప్పడం మానేసి మీటరు నా వైపు తిప్పి పట్టుకున్నారు. పద్దెనిమిది. అక్కడ ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది.

మూడో గేర్లో ఎక్కింది. కొండ కిందికి దిగిపోతున్నట్టు, మేం ఉన్నచోటే ఉన్నట్టు. టేకుచెట్లు గబగబా వెనక్కి పోతున్నాయి. పది టన్నుల మిర్చి, ఇద్దరు మనుషులు, ఇంత ఇనుము. అన్నింటినీ పైకి నెడుతున్నది గాలి. ఉత్త గాలి. నాకు అరవాలనిపించింది. నోరు తెరవలేదు. గుడిలో ఉన్నట్టో, చర్చిలో ఉన్నట్టో అనిపించింది. లక్ష్మీకాంత్ గారు ఒక్కసారి డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు.

ఇంకొకటి కూడా రాయాలి. ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను.

ఆ మలుపు వచ్చినప్పుడు నా కాలు లేచింది. నేను లేపలేదు. అదే లేచింది. ఈల ఆగిపోయింది. ముల్లు మూడుకి పడిపోయింది. మలుపు దాటాక మళ్లీ తొక్కాను. లక్ష్మీకాంత్ గారు అప్పుడు అడవి చూస్తున్నారు. ఆయన చూడలేదు.

నేను చూశాను.

సెప్టెంబరు 5, గురువారం. గుంటూరు

హయాత్ భాయ్‌కి చెప్పాను, పద్దెనిమిది అని. తల ఊపాడు. కాలు సంగతి కూడా చెప్పాను. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. అది నా చేతిలో పని కాదు అన్నాడు.

రెబ్కాకి చెప్పాను. తను వెంటనే అంది: "కోటిరత్నం దగ్గరికి వెళ్లావా ఎప్పుడైనా?"

కోటిరత్నం యలమంద భార్య. వెళ్లలేదు. మట్టిచేసిన రోజు దూరంగా నిలబడ్డాను. అంతే. ఆమెకి అందరూ ఏం చెప్పారో నాకు తెలుసు. అక్కడికక్కడే పోయాడు, ఏమీ తెలియలేదు అని.

సెప్టెంబరు 8, ఆదివారం. దర్శి

ఆరాధన అయిపోగానే బస్సెక్కి వచ్చాం, నేనూ రెబ్కా. దర్శికి రెండు మైళ్లు కోటిరత్నం ఇల్లు. పొగాకు నారుమడికి నీళ్లు పోసి అప్పుడే వచ్చింది. నన్ను చూసి కొంగుతో చేతులు తుడుచుకుని, రా అన్నయ్యా అంది. ఎందుకు ఇన్నాళ్లూ రాలేదని అడగలేదు. మంచం వాల్చింది.

చెప్పాను. అంతా. పది నిమిషాలు బతికున్నాడని కూడా చెప్పాను. ఆమె నేల మీద కూర్చుని వింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నొప్పి పడ్డాడా" అని అడిగింది.

పడ్డాడన్నాను.

"ఒంటరిగా లేడుగా" అంది.

లేడు, నా చెయ్యి పట్టుకున్నాడన్నాను. ఆ చెయ్యి వైపు చూసింది. అప్పుడు ఏడ్చింది. రెబ్కా పక్కన కూర్చుంది. నేను బయటికొచ్చి నారుమడి దగ్గర నిలబడ్డాను. గోరంత ఆకులు, వేలకి వేలు.

వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడి, ఆ చోటు ఒకసారి చూపిస్తావా అని అడిగింది. ఇన్నాళ్లూ రోజూ ఒక్కో రకంగా కనపడుతోందట, కళ్లు మూస్తే. ఒక్కసారి చూస్తే ఒకటే అవుతుంది అంది.

సెప్టెంబరు 16, సోమవారం

మార్కాపురంలో ఎక్కింది. రెబ్కా మధ్యలో, కోటిరత్నం కిటికీ పక్కన. ఫుల్ లోడు. ఘాట్ మీద ముల్లు పద్దెనిమిది.

మలుపులోనే ఆపాను, సరిగ్గా అక్కడే. చక్రాల వెనక రాళ్లు వేశాను. కోటిరత్నం దిగి అంచు దాకా వెళ్లి కిందికి చూసింది. అక్కడ ఏమీ లేదు. పచ్చని చెట్లు. ఒక పిట్ట ఆగి ఆగి కూస్తోంది. చాలాసేపు నిలబడింది. తర్వాత తనే వచ్చి ఎక్కింది.

"పోనీ అన్నయ్యా" అంది.

రాళ్లు తీయలేదు. క్లచ్ వదులుతూ తొక్కాను. వెనక రాళ్ల మీదికి ఒక్క అంగుళం కూడా జారకుండా, నిలబడ్డ చోటి నుంచే లేచింది.

కోటిరత్నం కళ్లు మూసుకోలేదు.